ఏసీఎల్ ఆపరేషన్ తర్వాతి ఏళ్లు: నా అనుభవం

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకను కింది కాలి ఎముకతో కలిపి పట్టి ఉంచే లిగమెంటు. అది తెగినప్పుడు చేసే ఆపరేషన్ మాట ఎత్తితే చర్చంతా గ్రాఫ్ట్ మీదే, అంటే తెగిన లిగమెంటు స్థానంలో వేసే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ముక్క మీదే నడుస్తుంది. తొడ వెనక టెండన్ తీసుకోవాలా, మోకాటి చిప్ప కింది టెండన్ తీసుకోవాలా, ఏ స్క్రూ బిగించాలి అని. ఆ ఆపరేషన్ అయి ఏళ్లు గడిచాక నాకు తేలింది వేరు. కాలు పూర్తిగా చాపగలగడం, తొడ ముందు కండరం బలం, మెనిస్కస్ (మోకాటి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) ఎంత మిగిలిందన్నది, ఈ మూడే మోకాలి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తాయి.

ముందుగా చాపడం గురించి, ఎందుకంటే దీనికి గడువు తక్కువ. మడత కాస్త ఆలస్యంగానైనా వస్తుంది. కాలు నిటారుగా రావడం మాత్రం మొదటి వారాల్లో సాధించకపోతే తర్వాత చాలా కష్టం. ఇంట్లోనే చూసుకోవచ్చు: మోకాటి చిప్పలు మంచం అంచు దాటేలా బోర్లా పడుకుని కాళ్లు వదులుగా వేలాడదీయాలి. రెండు మడమల ఎత్తులో ఒక సెంటీమీటరు తేడా అంటే సుమారు ఒక డిగ్రీ లోటు. అయిదు డిగ్రీలు తగ్గినా నడకలో కుంటు తెలుస్తుంది, తొడ కండరం అలసిపోతుంది, చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. సరిగ్గా చేస్తున్నా చివర్లో ఏదో అడ్డుపడినట్టు ఆగిపోతుంటే గ్రాఫ్ట్ ముందు మచ్చకణజాలం ముద్దకట్టి ఉండొచ్చు. దాన్నే సైక్లాప్స్ అంటారు. అది ఎంఆర్ఐలో కనిపిస్తుంది, ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌తో తీసేస్తారు. అలాంటప్పుడు బలవంతంగా నొక్కించుకుంటే వాపు పెరగడం తప్ప లాభం ఉండదు.

ఆ వాపే తొడ కండరానికి శత్రువు. కీలులో నీరు చేరితే ఆ కండరాన్ని బిగించే నరాల సంకేతం అణగిపోతుంది. ఎంత పట్టుదలగా చేసినా కండరం పూర్తిగా పనిచేయదు. అందుకే వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున మోకాలు చూసుకోవాలి: వాపు పెరిగితే వ్యాయామంలో వేసే బరువు తగ్గించాలి, లేకపోతే పెంచొచ్చు. రెండు కాళ్లతో గుంజీళ్లు తీస్తే బాగున్న కాలు తెలియకుండానే ఎక్కువ భారం మోసేస్తుంది. ఒంటికాలి లెగ్ ప్రెస్, మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం, ఫిజియో ఒప్పుకున్నాక లెగ్ ఎక్స్‌టెన్షన్ చేస్తేనే నిజం బయటపడుతుంది. రెండో కాలి బలంలో 90 శాతం రావాలంటారు. ఈ నెలల్లో బాగున్న కాలు కూడా బలహీనపడుతుంది కాబట్టి ఆ అంకె మోసం చేయగలదు. వీలైతే ఆపరేషన్‌కు ముందే ఆ కాలి బలం కొలిపించి రాసిపెట్టుకోవాలి.

ఇక గ్రాఫ్ట్. అది మొదట రక్తప్రసరణ లేని కణజాలం. కొత్త రక్తనాళాలు పట్టి రూపు మార్చుకునే దశలో, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, చాలా బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గి ధైర్యం వచ్చేదీ అప్పుడే. మెలికలు తిరిగే ఆటలకు ఆపరేషన్ అయి 9 నెలలు నిండకముందే వెళ్లకూడదని నేను గట్టిగా చెబుతాను. 2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, 9 నెలల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకు మోకాలి గాయాల రేటు 51 శాతం చొప్పున తగ్గింది. 25 ఏళ్ల లోపు క్రీడాకారుల్లో తిరిగి ఆడినవారిని చూస్తే దాదాపు నలుగురిలో ఒకరికి మళ్లీ ఏసీఎల్ తెగుతోంది. అదీ ఆపరేషన్ అయిన కాలే కానక్కర్లేదు, రెండోది కూడా కావచ్చు.

కోత పక్కన, మోకాలి కింద కాలి ముందు భాగంలో తిమ్మిరి చాలామందికి ఉంటుంది. చర్మానికి వెళ్లే చిన్న నరం శాఖ తెగడం వల్ల వచ్చేదది, బలానికి లోటు కాదు. చిప్ప కింది టెండన్ తీసినవాళ్లకు మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి ఏళ్ల తరబడి ఉండొచ్చు.

మోకాలి కీలు అరుగుదల విషయం ఆపరేషన్‌కు ముందే వినాలి. కొత్త లిగమెంటు మోకాలు జారిపోకుండా ఆపుతుంది కానీ, గాయం రోజునే దెబ్బతిన్న మృదులాస్థిని వెనక్కి తేలేదు. పదిహేను, ఇరవై ఏళ్లకు ఎక్స్‌రేలో అరుగుదల ఛాయలు చాలామందిలో కనిపిస్తాయి. మెనిస్కస్ తీసేసినవాళ్లలో ఇంకా ఎక్కువ. కుట్టడానికి వీలున్న చిరుగును కత్తిరించకుండా కుట్టమని సర్జన్‌ను ముందే అడగాలి. కుడితే కొన్ని వారాలు లోతుగా మడవనివ్వరు, కోలుకోవడం నెమ్మదిస్తుంది. ఆ ఆలస్యాన్ని ఒప్పుకోవడమే మంచిది. ఏళ్ల తర్వాతైనా మోకాలు లాక్ అయినా, కారణం లేకుండా వాచినా, అడుగు వేస్తుంటే జారినా వాయిదా వేయకుండా చూపించుకోవాలి. వదులైన గ్రాఫ్ట్‌తో తిరిగే ఒక్కో నెలా మిగిలిన మెనిస్కస్ మీదే పడుతుంది.