ఇంగువా, ఇంగువ కట్టిన గుడ్డా?

లిథియం బ్యాటరీలో కాథోడ్ (ధన ధ్రువం) పదార్థపు స్ఫటికంలోకి మరో లోహాన్ని చిటికెడు చొప్పించి దాని గుణాన్ని మార్చడాన్ని డోపింగ్ అంటారు. కొన్నేళ్లు ఆ పనిలోనే గడిపిన నాకు, దానిలోని మెలకువ కంటే ముందు దానిలోని మోసాన్ని నేర్పింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చిన ఈ పదార్థం చవకైనది, వేడిని ఓర్చుకుంటుంది, సిద్ధాంతరీత్యా గ్రాముకు 170 మిల్లీఆంపియర్-గంటల విద్యుదావేశాన్ని దాచగలదు. అయితే దాని విద్యుద్వాహకత సెంటీమీటరుకు సుమారు వంద కోట్లో వంతు సీమెన్స్ మాత్రమే కనుక, ఎలక్ట్రాన్ల విషయంలో అది దాదాపు పింగాణీతో సమానం.

2002లో ఎంఐటీకి చెందిన యెట్-మింగ్ చియాంగ్ బృందం, లిథియం స్థానాల్లో వందకు ఒకటి చొప్పున నియోబియం వంటి అధిక ఆవేశపు లోహాన్ని కూర్చోబెడితే ఆ వాహకత సుమారు పది కోట్ల రెట్లు పెరుగుతుందని ప్రకటించింది. రెట్టింపు కాదు, పదింతలూ కాదు, పది కోట్ల రెట్లు! మరుసటి ఏడే మిషెల్ అర్మాన్ తదితరులు అభ్యంతరం చెప్పారు. డోపింగ్ కోసం వాడిన సేంద్రియ లోహ సమ్మేళనాలు కొలిమిలో మాడి మిగిల్చిన కార్బనే విద్యుత్తును మోస్తూ ఉండవచ్చునన్నది వారి వాదన. 2004లో కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం నుంచి లిండా నాజర్ బృందం, అధిక ఉష్ణోగ్రత వద్ద ఫాస్ఫేటులో కొంత భాగం క్షయకరణం చెంది (అంటే ఆక్సిజన్‌ను కోల్పోయి), రేణువుల సరిహద్దుల్లో సన్నని ఫాస్ఫైడ్ వలగా అల్లుకుంటుందని, లోహంలా విద్యుత్తును పారించేది ఆ వలేనని చూపింది. వాసన ఇంగువది కాదు, ఇంగువ కట్టిన గుడ్డది అన్నమాట.

అలాగని నియోబియం స్ఫటికంలోకి అసలు వెళ్లనే లేదనడం కూడా తొందరపాటే. అధిక ఆవేశపు లోహాలు కొద్ది మేరకు లిథియం స్థానాల్లో నిజంగానే చేరతాయని 2008లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు న్యూట్రాన్, ఎక్స్-కిరణ వివర్తనాల సాయంతో నిరూపించారు. చిక్కంతా ఆవేశాల లెక్కలో ఉంది. ఇనుము ఆవేశం మారకుండా ఉంటే, ఐదు ధనావేశాల నియోబియం ఒకటి వచ్చి కూర్చోవడానికి ఐదు లిథియంలు లేచిపోవాలి. లెక్క అలా ఖాళీ స్థానాలతోనే సరిపోయినప్పుడు, వాహకతను పెంచే కొత్త ఆవేశ వాహకాలు పుట్టవు. పైగా ఈ స్ఫటికంలో లిథియం ఒకే దిశలో సాగే ఇరుకైన కాలువల వెంట నడుస్తుంది కనుక, మధ్యలో కదలని అతిథి ఒకరు కూర్చుంటే దారి మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

చివరికి ఈ పదార్థాన్ని బజారుకెక్కించిన ఉపాయాల్లో ప్రధానమైనవి రేణువులను నానోమీటర్ల స్థాయికి చిన్నవి చేయడం, వాటిపై పలుచని కార్బన్ పూత వేయడం. శుద్ధమైన పొడి లేత బూడిద రంగులో ఉంటుంది, పూత పడిన పొడి నల్లగా ఉంటుంది. అందుకే డోపింగ్ వ్యాసం ఏది చేతికి వచ్చినా నేను వాహకత పట్టిక జోలికి వెళ్లేముందు, డోపింగ్‌కు వాడిన సమ్మేళనమేదో, కొలిమిలో ఏ వాయువు నింపారో, పొడిలో ఎంత కార్బన్ మిగిలిందో వెతుక్కుంటాను.