మీరు ప్లీడరా, సాక్షా?

పోయిన గురువారం రిజల్టు వచ్చింది. పాసయ్యాను. లాయరు కానివాడు అమెరికా టాక్స్ కోర్టులో నిలబడి వాదించాలంటే రాయాల్సిన పరీక్ష అది. రెండోసారికి గట్టెక్కాను. ఓ నెల ఆగితే ఇదంతా అవలీలగా చేసేసినట్టు చెప్పుకు తిరుగుతానని మా ఆవిడ అంటోంది. అందుకే పరువు పోయిన సంగతులు గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

మాది తెనాలి. బీకాం చదివి ఇక్కడికొచ్చి, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నయ్యి, పద్దెనిమిదేళ్ళుగా డాలస్ పక్కన ప్లానోలో టాక్స్ ఆఫీసు పెట్టుకుని బతుకుతున్నాను. ఎన్‌రోల్డ్ ఏజెంట్ అంటే ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ఎవరి తరఫునైనా మాట్లాడొచ్చు. ఆడిట్, అప్పీల్స్, బకాయి వసూళ్ళు, ఏదైనా సరే. అయితే కోర్టు గుమ్మం దాకానే. లోపలికి వెళ్ళాలంటే లాయరన్నా అయ్యుండాలి, ఈ పరీక్షన్నా పాసవ్వాలి.

ఆ గుమ్మం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. కొన్నేళ్ళ కిందట ఓ కుర్రాడు డెబ్భయ్యో రోజున వచ్చాడు. డెబ్భయ్యో రోజంటే, ఐఆర్‌ఎస్ వాళ్ళు నోటీస్ ఆఫ్ డెఫిషియన్సీ (పన్ను ఇంత తక్కువ కట్టావనే నోటీసు) పంపాక కోర్టులో పిటిషన్ వేయడానికి ఉండేది తొంభై రోజులు. అందులో డెబ్భై అయిపోయాయి. అంతకుముందు రిటర్ను చేసిన మన దేశీ కన్సల్టెంటు ఆ డెబ్భై రోజులూ ఐఆర్‌ఎస్‌కి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడట. ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ గడువు ఒక్క రోజు కూడా జరగదు. అసలు తప్పు కూడా ఆ కన్సల్టెంటుదే. కుర్రాడు డాలస్‌లో క్లయింటు దగ్గర రెండున్నరేళ్ళుగా పనిచేస్తుంటే, ఇక్కడి అద్దె, తిండి అంతా ‘ఊరికి దూరంగా ఉన్నందుకు అయిన ఖర్చు’ అని, ఉద్యోగులు పని ఖర్చులు చూపే 2106 ఫారంలో రాసిపారేశాడు. ఏడాది దాటేలా ఉన్న పని తాత్కాలికం కిందికి రాదని చట్టంలోనే ఉంది. 2018 నుంచి ఆ మినహాయింపే ఎత్తేశారు గానీ, అంతకుముందు ‘రిఫండు డబుల్ చేసిపెడతాం’ అన్న బోర్డు కింద మనవాళ్ళు ఎంతమందిని ముంచారో! రిఫండు ఎక్కువ వస్తే ప్రిపేరరు గొప్ప, నోటీసు వస్తే మన ఖర్మ. సరే, ఆ గోల మళ్ళీ ఎప్పుడైనా.

పిటిషన్ ఫీజు అరవై డాలర్లే. ఇంకో మేలేంటంటే, టాక్స్ కోర్టులో అయితే ముందు పన్ను కట్టకుండానే పోట్లాడొచ్చు. డిస్ట్రిక్ట్ కోర్టుకో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకో వెళ్ళాలంటే మొత్తం కట్టేసి, తర్వాత రిఫండు కోసం దావా వేయాలి. 1960లో సుప్రీంకోర్టు ఆ మాట ఖాయం చేసేసింది. కుర్రాడి దగ్గర అంత డబ్బెక్కడిది? కాబట్టి టాక్స్ కోర్టే దిక్కు. నేను సంతకం పెట్టలేను గనక ఓ లాయరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు వేల డాలర్లు పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, నన్ను పక్కకు పిలిచి, ‘ఈ 2106 అంటే ఏంటి?’ అని అడిగాడు. మనిషి చేసేవి విడాకుల కేసులు! లాయరు గనక పరీక్షా గిరీక్షా లేదు, లాయర్ల బార్ నుంచి సర్టిఫికెట్టు, అప్లికేషను, ఫీజు, అంతే. పిటిషన్ మొత్తం నేను రాసిచ్చాను, ఆయన సంతకం పెట్టాడు. ఆ రాత్రే పరీక్ష సంగతి వెతికాను.

నాలుగు పేపర్లు: కోర్టు రూల్సు, పన్ను చట్టం, సాక్ష్యం, వృత్తి నీతి. ప్రతి దాంట్లోనూ డెబ్భై శాతం రావాలి. పన్ను చట్టం నాకు మంచినీళ్ళ ప్రాయం, గొప్పకి చెప్పట్లేదు (చెబుతున్నాననుకోండి). రూల్సు బట్టీ పట్టాను. నీతి పర్వాలేదు. సాక్ష్యంలో బోర్లాపడ్డాను. ఈ పరీక్ష మామూలుగా రెండేళ్ళకోసారే. ‘ఎందుకయ్యా ఈ వయసులో, రిటర్నుల గడువు ఏప్రిల్ పదిహేను దాకా పనిచేసి మిగతా ఏడాది హాయిగా గోల్ఫ్ ఆడుకోక’ అని మా సీపీఏ (ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంటు లాంటివాడు) అంకుల్ ఒకాయన సలహా ఇచ్చాడు. నాకు గోల్ఫ్ రాదు.

ఆ రెండేళ్ళలో చేసిన ఒక్క తెలివైన పని, తక్కువ ఆదాయం వాళ్ళకి ఉచితంగా పన్ను కేసులు చూసే ఓ క్లినిక్‌లో వాలంటీరుగా చేరడం. అక్కడ వాలంటీర్లకి మూడు వారాంతాల శిక్షణ పెట్టారు. చెప్పేవాళ్ళంతా ముప్ఫై నలభై ఏళ్ళు ఈ కోర్టులోనే నలిగినవాళ్ళు, కొందరు ప్రభుత్వం వైపు, కొందరు ఇటువైపు.

మొదటి వారాంతం పిటిషన్. పిటిషన్‌లో ఎత్తిచూపని తప్పు వదులుకున్నట్టే లెక్క, కాబట్టి ఒక్కటీ మర్చిపోకుండా రాయాలి. ఆన్‌లైన్‌లో వేసేవాళ్ళకి ఒక మాట. గడువు వాషింగ్టన్ గడియారం ప్రకారం. 2022 జులైలో అలబామా దంపతులు చివరి రోజు రాత్రి 11:05కి పిటిషన్ వేశారు. వాళ్ళింట్లో ఇంకా ఆ రోజే. కోర్టు ఉన్న ఊళ్ళో 12:05, మర్నాడు. కేసు కొట్టేశారు. మన టెక్సస్‌లోనూ అదే సెంట్రల్ టైము, గుర్తుంచుకోండి.

రెండో వారాంతం స్టిపులేషన్. ఇదే ఈ కోర్టు ప్రాణమని చెప్పారు, నేను సరిగ్గా వినలేదు. విచారణకి ముందే రెండు పక్షాలూ కూర్చుని, ఒప్పుకోగలిగిన వాస్తవాలన్నీ, కాగితాలన్నీ కలిపి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 91వ రూలు అదే చెబుతుంది. అంతకంటే ముందు, వివరాలు కావాలంటే నోటీసులతో మీద పడకుండా మర్యాదగా ఉత్తరం రాసి, కలిసి మాట్లాడుకోవాలి. 1974లో బ్రానర్టన్ అనే కంపెనీ కేసులో అలా తేల్చారు గనక ఇప్పటికీ దాన్ని బ్రానర్టన్ లెటర్ అంటారు. నాకు ఇదంతా పెళ్ళిచూపుల తంతులా అనిపించింది. కోర్టంటే పోట్లాట కదా!

మూడో వారాంతం ఉత్తుత్తి విచారణ. ఇక్కడే నా పరువు పోయింది.

నాకిచ్చిన కేసు ఒక మెడికల్ సామాన్ల సేల్స్‌మన్‌ది. సొంత కారులో ఊళ్ళు తిరిగి, 23,000 మైళ్ళు వ్యాపారం ఖర్చుగా చూపాడు. ఐఆర్‌ఎస్ మొత్తం కొట్టేసింది. నా ఫైల్లో బంగారం లాంటి లాగ్‌బుక్ ఉంది. తారీఖు, ఊరు, ఎవరి కోసం, ఎన్ని మైళ్ళు, అన్నీ ఉన్నాయి. ఇంత మంచి కాగితాన్ని ముందే అవతలివాళ్ళకి చూపించడమేంటని దాచాను. మన సినిమాల్లో చివర్లో తలుపు తోసుకుని సాక్షి వస్తాడే, అలా విచారణ రోజున తీసి కొడదామనుకున్నాను.

సేల్స్‌మన్ వేషం వేసింది ఓ లా స్టూడెంటు. ప్రభుత్వం వైపు, నిజంగానే దశాబ్దాల పాటు ప్రభుత్వం వైపు వాదించి రిటైరైన ఒకాయన. జడ్జిగా ఇంకో పెద్దాయన. నేను సూటు వేసుకుని వెళ్ళాను.

‘మీరు ఆ ఏడాది పని మీద ఇరవై మూడు వేల మైళ్ళు తిరిగారు కదా?’ అని మొదలుపెట్టాను.

‘ఆబ్జెక్షన్, లీడింగ్.’

‘సస్టెయిన్డ్.’

మన సాక్షి నోట్లో మనమే జవాబు పెట్టకూడదు. పుస్తకంలో చదివాను, అదీ రెండుసార్లు. నిలబడేసరికి మెదడు ఖాళీ. ‘పోనీ, ఇరవై వేలన్నా తిరిగారు కదా?’ అన్నాను.

హాలంతా నవ్వు. కూరగాయల బేరం అనుకుని ఉంటారు.

ఇక బ్రహ్మాస్త్రం తీద్దామని లాగ్‌బుక్ ఎత్తి, ‘ఇది మీ లాగ్‌బుక్కే కదా?’ అన్నాను. అవతలాయన నింపాదిగా లేచి ఒక్కో వేలూ మడిచాడు. ఒకటి, మళ్ళీ లీడింగ్. రెండు, ఇదేమిటో ఎక్కడిదో సాక్షి ఇంకా చెప్పనే లేదు. మూడు, హియర్‌సే, అంటే కోర్టు బయట ఎవరో రాసుకున్న మాట. నాలుగు, విచారణకి ముందు మాకివ్వమని కోర్టు ఆర్డరు ఉంది, ఇప్పటిదాకా దీని మొహం మేం చూడలేదు.

నాలుగుకి నాలుగూ నిజమే. అప్పుడన్నా నోరు మూసుకోవచ్చు కదా. లేదు. ‘యువర్ ఆనర్, ఇతను ప్రతి సోమవారం వేకో వెళ్ళేవాడు, బుధవారం టైలర్, మధ్యలో...’ అంటూ కథంతా నేనే చెప్పడం మొదలెట్టాను. రెండు నిమిషాలు చెప్పి ఉంటాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

‘కౌన్సెల్, మీరు ప్లీడరా, సాక్షా? సాక్షి అయితే చెప్పండి, ప్రమాణం చేయిస్తాను.’

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. మా అమ్మాయి వయసున్న పిల్ల ఒకతి జాలిపడి నా ముందు నీళ్ళ సీసా పెట్టింది. అదింకా అవమానం. లాగ్‌బుక్ నా చేతిలో ఉంది. రికార్డులో లేదు. రికార్డులో లేనిది జడ్జికి కనపడదు. కారు ఖర్చుకి సరైన లెక్కలు ఉండి తీరాలని పన్ను చట్టంలో 274(డి) సెక్షన్. లెక్క లేదు గనక మినహాయింపు సున్నా, అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ సెక్షన్ క్లయింట్లకి పాఠం చెప్పినవాణ్ణి నేను.

కారులో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. ‘ఉత్తుత్తి కోర్టే కదండీ’ అంది మా ఆవిడ. అదే కదా బాధ!

మధ్యాహ్నం బ్రేకులో ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. డెబ్భై దాటాయి. ప్రభుత్వం వైపు కొంతకాలం, ఇటువైపు అంతకంటే ఎక్కువ కాలం చేసింది. ఓదార్చలేదు. ‘ఆ లాగ్‌బుక్ గురించి నన్ను అడుగు. నేను సాక్షిని. అవునూ కాదూ అని జవాబొచ్చే ప్రశ్న అడిగావో, లేచి పోతాను’ అంది.

మూడుసార్లు లేచి పోయింది. నాలుగోసారికి వచ్చింది నాకు. ఇదేమిటి? ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు, ఆ రోజేనా, ఏడాది చివర్లోనా? ఎందుకు రాసేవారు? ఎక్కడ పెట్టేవారు? అంతే. ఒక్కో ప్రశ్నా చిన్నది, సాక్షే చెబుతాడు, మనం వెనకుంటాం.

‘సాక్ష్యం రూల్సులో 803(6) ఎందుకుందో తెలుసా?’ అంది. వ్యాపార రికార్డులకి హియర్‌సే నుంచి మినహాయింపు అది. నంబరు తెలుసు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పుడు హఠాత్తుగా తెనాలిలో మా కొట్టు కళ్ళముందు మెదిలింది. నాన్నది కిరాణా. రాత్రి తొమ్మిదింటికి తలుపు రెక్క ఒకటి మూసి, బల్బు కింద కూర్చుని చిట్టా రాసేవాడు. ఆ రోజు అమ్మింది, అరువిచ్చింది, వచ్చింది. జ్వరమొచ్చినా రాసేవాడు. ఎవరైనా ‘నేను తీసుకెళ్ళలేదయ్యా’ అంటే గొడవ పడకుండా చిట్టా తీసి చూపేవాడు, వాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు. కొట్లాటల కోసం రాసింది కాదది. రోజూ, అలవాటుగా, జరిగినప్పుడే, కొట్టు నడవడానికి రాసింది. అందుకే దానికి ఆ విలువ. అదే కొట్లాట వచ్చాక కూర్చుని రాస్తే చిట్టా అవదు, కథ అవుతుంది.

ఇదంతా ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘చిట్టా’ అన్న మాట మూడుసార్లు పలికి నేర్చుకుంది. ఆ తర్వాత నేర్పినవన్నీ నాకు నాన్న కొట్టులోంచే అర్థమయ్యాయి. గ్యారేజీ వాడి బిల్లు మీద ఓడోమీటరు అంకె ఉంటుంది, అది మనకి కావాలి, మెకానిక్కుని కోర్టుకి పిలవనక్కర్లేదు, అదే రూల్సులో 902(11) ప్రకారం ఆ రికార్డులు చూసే మనిషి సర్టిఫై చేస్తే చాలు, కానీ అవతలివాళ్ళకి ముందుగా చూపించి తీరాలి. ‘ఇవన్నీ ఎందుకొచ్చిన బాధ? మొదటి నెలలోనే లాగ్‌బుక్ వాళ్ళ ముందు పెడితే ఒప్పుకుని స్టిపులేట్ చేసేవాళ్ళు. నువ్వు నోరు విప్పే పనే ఉండేది కాదు’ అంది చివర్లో. పెళ్ళిచూపులు ఎందుకో అప్పటికి గానీ బుర్రకెక్కలేదు.

పరీక్ష రాయబోయేవాళ్ళకి నా సలహా ఒక్కటే. సాక్ష్యం పుస్తకం వెంటనే తెరవకండి, చదివే ముందు ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టి ఇంట్లో కరెంటు బిల్లు గురించి ప్రశ్నలడగండి. మా ఆవిడ ఏడాది పాటు సాక్షిగా పనిచేసింది. చివరికి కూర ఎలా ఉందని అడిగినా ‘లీడింగ్’ అనడం మొదలెట్టింది, నిజానికి అది లీడింగ్ కాదు. రెండోసారి పరీక్ష గురించి చెప్పడానికేం లేదు, రాశాను.

నాన్నకి ఫోన్ చేసి చెబితే, ‘ఒరే, అయితే నువ్వు ప్లీడరువయ్యావా?’ అన్నాడు.

‘లేదు నాన్నా. ప్లీడరు కాకుండానే కోర్టులో మాట్లాడొచ్చు.’

‘నల్లకోటు వేస్తారా?’

‘వెయ్యరు.’

‘మరి ఎందుకురా అంత కష్టపడ్డావు?’

ఇంకా అయిపోలేదు. ఇప్పటికే ఆ కోర్టులో ఉన్న ఇద్దరు నా గురించి మంచిమాట రాసి ఇవ్వాలి. పెద్దావిడ ఆ రోజే పంపేసింది. రెండో ఉత్తరం తానిస్తానని ఆ విడాకుల లాయరు ఎలా తెలిసిందో గానీ తనే ఫోన్ చేశాడు, ఫీజు కూడా వద్దన్నాడు. నేనింకా జవాబివ్వలేదు. క్లినిక్ డైరెక్టరు గారు సెలవు నుంచి సోమవారం వస్తారు, ముందు ఆవిడని అడుగుతాను.