డొల్ల గుండు: నా అనుభవం

పాత ఫిరంగి గుండు ఒకటి కొని కట్టిన డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. ఆ మంటలోనే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త కటువుగా ఉంటే సర్దుకోండి.

రిచ్‌మండ్‌కి మారాక నాకు పట్టుకున్న పిచ్చి అమెరికా అంతర్యుద్ధం నాటి నౌకా ఫిరంగి గుండ్లు. వర్జీనియాలో ఉండి ఇది పట్టకపోతేనే వింత. 1862 మార్చిలో ఇనుప కవచాల ఓడలు రెండు తొలిసారి తలపడిన హాంప్టన్ రోడ్స్‌కి కారులో గంటన్నర కూడా పట్టదు. అదే ఏడాది మే 15న మానిటర్, గలీనా అనే ఉత్తరాది యుద్ధ ఓడలు జేమ్స్ నదిలో ఎదురు వచ్చి దెబ్బ తిని వెనుదిరిగిన డ్రూరీస్ బ్లఫ్ అయితే మా ఇంటికి ఇంకా దగ్గర.

ఒక పాతసామాను షాపు వాళ్లు ఆన్‌లైన్‌లో ‘9 అంగుళాల డాల్‌గ్రెన్ ఫిరంగి గుండు, లోపలంతా ఇనుమే, ప్రమాదం లేదు’ అని పెట్టారు. కార్డు మీద కట్టేశాను. వచ్చి తీసుకెళ్లాలన్నారు. వెళ్లాను. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

నేను ఏ గుండునీ కొలవకుండా ఇంటికి తెచ్చుకోను. టేపు తీసి చుట్టుకొలత చూశాను. 27.8 అంగుళాలు. 3.14తో భాగిస్తే అడ్డం 8.85. 9 అంగుళాల గొట్టంలోకి వేసే గుండు కొలత సరిగ్గా ఇదే. కాస్త సందు లేకపోతే గుండు గొట్టంలోకి దిగదు. సరే, కాటా మీద పెట్టమన్నాను. 73 పౌన్లు. మా నాన్న కిరాణా కొట్టులో కాటా ముందు కూర్చుని పెరిగినవాణ్ని, అంకె చూడగానే ఎక్కడో తేడా ఉందని తెలిసిపోయింది. ఆ సైజు పోత ఇనుము లోపల ఖాళీ లేకుండా ఉంటే 90 పౌన్లు దాటాలి. తుప్పు ఎంత తిన్నా ఇరవై పౌన్లు తినదు. అంటే లోపల డొల్ల. డొల్ల అంటే పేలుడు మందు నింపిన గుండు.

పైన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంది. అది పోత పోసినప్పటి బిరడా అన్నాడు షాపాయన. వేలితో మెల్లగా తుడిస్తే చిన్న లంగరు గుర్తు, దాని పక్కన 1862 అన్న అంకెలు. బిరడా మీద లంగరు ఎవడు కొడతాడండీ? అది అమెరికా నౌకాదళం వాటర్‌క్యాప్ ఫ్యూజ్, అంటే గుండు లోపలి మందుకి నిప్పు అందించే భాగం. గుండు నీళ్ల మీద గెంతుతూ పోయినా నిప్పు ఆరకుండా, పైమూతలో మెలికలు తిరిగిన సన్నని దారి చేసి దాన్నిండా పొడిమందు కూరేవారు. ఇత్తడి బిళ్లకి అటూ ఇటూ పట్టకారుతో ఎత్తడానికి రెండు గుంటలు కూడా ఉన్నాయి. నాకు కనపడనిది ఒక్కటే. లోపలి మందు కడిగేయడానికి డ్రిల్ చేసిన చిన్న రంధ్రం. గుండంతా చూశాను, ఎక్కడా లేదు.

“దీన్ని డ్రిల్ చేశారా?” అని అడిగాను. నవ్వాడు. నూట అరవై ఏళ్ల మందు ఎప్పుడో మట్టయిపోయి ఉంటుందన్నాడు. షాపులో ఉన్న ముసలాళ్లిద్దరూ వినేలా “నువ్వు కంప్యూటర్లు చూసుకో, ఇవి మాకు వదిలెయ్” అన్నాడు. వాళ్లూ నవ్వారు. 2008లో చెస్టర్‌లో, ఇక్కడికి పక్క ఊరే, ఇలాంటి 9 అంగుళాల నౌకా గుండునే శుభ్రం చేస్తూ చేయి తిరిగిన ఒక సేకరణదారుడు చనిపోయాడు. ఒక ముక్క పావు మైలు దూరంలో ఉన్న ఇంటి వసారాలో పడింది. పోత ఇనుములో గాలి చొరకుండా మూసి ఉన్న మందు అంత తేలిగ్గా చావదు. ఈ మాట చెప్తే ఆయన భుజాలెగరేసి డబ్బు వాపసు లేదన్నాడు.

బయటికొచ్చి పోలీసులకు ఫోన్ చేశాను.

వచ్చిన ఆఫీసరు షాపాయన్ని పేరు పెట్టి పలకరించాడు. నన్ను ఫుట్‌పాత్ అంచున కూర్చోమన్నాడు. పర్సు, ఫోను, టేపు తీయించి కారు బానెట్ మీద వరసగా పెట్టి, టేపుకి కూడా ఫోటో తీశాడు. “బాంబుల గురించి నీకు ఇంత ఎలా తెలుసు?” “పుస్తకాలు చదివి.” “ఏ వీసా?” పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయిందన్నాను. అయినా మళ్లీ అదే ప్రశ్న, ఈసారి నెమ్మదిగా, చెవిటివాడికి చెప్పినట్టు. గుండు అమ్మకానికి పెట్టినవాడేమో లోపల కాఫీ తాగుతున్నాడు. మా ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు అటుగా వెళ్తూ నన్ను చూసి కారు స్లో చేశాడు, మళ్లీ ఏమనుకున్నాడో పోనిచ్చాడు. అప్పుడు పడ్డ సిగ్గు ఇంకా దిగలేదు.

తర్వాత బాంబు స్క్వాడ్ నుంచి ఒకావిడ వచ్చింది. టార్చి వేసి ఫ్యూజ్ చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న “దీన్ని డ్రిల్ చేశారా?” షాపాయన నీళ్లు నమిలాడు. ఆమె నన్ను దూరం నుంచే పిలిచి కొలతలు అడిగింది, చెప్పాను, తల ఊపింది. వెంటనే వీధంతా ఖాళీ చేయించారు. గుండుని ఇసుకలో పెట్టి తీసుకెళ్లి పేల్చేశారు. ఫ్యూజ్ అయినా ఇస్తారా అని అడిగితే ఇవ్వరన్నారు. ఆ ఇత్తడి బిళ్ల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటోంది.

కొత్తగా ఈ దారి పట్టేవాళ్లు టేపు, కాటా లేకుండా ఏ షాపు గుమ్మమూ ఎక్కకండి. 4.52 అంగుళాల అడ్డం, పన్నెండు పౌన్లకి కాస్త పైన తూగితే 12 పౌండర్ అనే ఫిరంగి గుండు కావచ్చు. సరిగ్గా 16 తూగితే అది ఏ కాలేజీవాడో విసిరిన షాట్‌పుట్. మరల్లో ఖనిజం నలగ్గొట్టే ఇనుప బంతుల్ని కూడా చరిత్ర అని అంటగడతారు. రంధ్రం, లేదా డ్రిల్ చేసినవాడి కాగితం చూపించకపోతే ముట్టుకోవద్దు. యుద్ధభూమి పార్కుల్లో తవ్వి తెచ్చినవీ వద్దు, అక్కడ తవ్వడం నేరం.

ఇక డబ్బు. సరుకు వెనక్కి తెస్తే ఇస్తానంటున్నాడు షాపాయన. పోలీసుల రసీదు జత చేసి కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ఇవాళ ఆ కంపెనీలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి వస్తువు ఇప్పుడెక్కడుందని అడిగింది. పేల్చేశారన్నాను. కాసేపు కీబోర్డు చప్పుడు. “సార్, మా ఫారంలో ఆ ఆప్షన్ లేదు” అంది.