కంప్యూటర్ ట్రైనింగ్ అంటే మా సార్లు వెనక బెంచీ ఎందుకు వెతుక్కుంటారంటే

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిపిన జట్టు) గ్రూపులో ట్రైనింగ్ మెసేజ్ పడిందంటే చాలు, మొదటి ప్రశ్న "భోజనం ఉందా సార్", రెండోది "సంతకం పెట్టేసి ఎన్నింటికి బయల్దేరొచ్చు". నవ్వేవాళ్ళు నవ్వండి, నేను మాత్రం వాళ్ళ పక్షమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకాయన స్క్రీన్ మీద ఉండేదే చదివి వినిపిస్తా ఉంటే, హాలు నిండా కూర్చున్న టీచర్లలో ఒక్కరి చేతికీ మౌస్ రాకపోతే, అది నేర్చుకోవడం ఎట్లా అవుతుంది, సినిమా చూసినట్టు అవుతుంది, అదీ ఇంటర్వెల్ లేని సినిమా.

మా తిరుపతి, చిత్తూరు వైపు బడుల్లో సామాన్లే లేవు అనడానికి లేదు. 2004లో బడులకి కంప్యూటర్లిచ్చే ఐసీటీ స్కీమ్ మొదలైనప్పట్నుంచి ఏదో ఒకటి వస్తానే ఉంది. బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో హైస్కూళ్ళకి పెద్ద టచ్ ప్యానెళ్ళు, ప్రైమరీకి స్మార్ట్ టీవీలు, 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ళకి పాఠం చెప్పే టీచర్లకి ట్యాబ్‌లు. లేనిదల్లా నిలకడగా ఉండే కరెంటు, గుట్టల మధ్య ఊర్లలో సిగ్నల్, చెడిపోతే వచ్చి చూసే మనిషి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి, వైర్లు ఎలకలు కొరికేసి, రూముకి తాళం. తాళం ఎందుకంటే స్టాక్ రిజిస్టర్. సామాను ఎంట్రీ అయిందంటే అది హెడ్మాస్టర్ (హెచ్ఎం) నెత్తిన ఉన్నట్టే, పగిలితే రేపు ఎవరు జవాబు చెప్పాల. ఇంక ఆయన పిల్లల్ని ఎందుకు ముట్టుకోనిస్తాడు చెప్పండి.

పైగా మా వాళ్ళకి కంప్యూటర్, ఫోను అంటే గుర్తొచ్చేది పాఠం కాదు, యాప్‌లు. అటెండెన్స్ ఒకటి, ఫోటోలు ఎక్కించేది ఒకటి, దానికి ఓటీపీ, సర్వర్ బిజీ. ఆ విసుగు మీద ఇంకో యాప్ నేర్పిస్తామంటే మొహాలు ఎట్లా ఉంటాయో ఊహించుకోండి.

అందుకే నేను ట్రైనింగ్‌లో నేర్పడానికి కూర్చుంటే మెషీన్ ముచ్చట్లు, సీపీయూ అంటే ఏందీ అవన్నీ పక్కన పెట్టేస్తా. "సార్, రేపు ఏ పాఠం చెప్తా ఉన్నారు?" అదే మొదలు. పుత్తూరు వైపు ఒక మ్యాథ్స్ సార్, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాయన, "నాకెందుకు సామీ ఇప్పుడు, ముట్టుకుంటే ఏమన్నా పోతాదేమో" అన్నాడు. రేపు త్రిభుజం కోణాల మొత్తం అంట. జియోజెబ్రా (లెక్కల బొమ్మలు గీసి కదిలించి చూసే సాఫ్ట్‌వేర్) తెరిచి మౌస్ ఆయన చేతికే ఇచ్చి నేను చేతులు వెనక్కి కట్టుకున్నా (ఇది కష్టం అండీ, లాక్కుని చేసి చూపించాలని చేతులు పీకతా ఉంటాయి). త్రిభుజం గీసినాడు, మూడు కోణాలు పెట్టినాడు, ఒక మూల పట్టుకుని లాగితే అంకెలన్నీ మారతా ఉన్నాయి. మరుసటి రోజు క్లాసులో ఒక పాప నోట్‌బుక్‌లో కూడింది, 62.35, 51.48, 66.18. "సార్ 180.01 వస్తా ఉంది, కంప్యూటర్ తప్పు చెప్తాంది!" క్లాసంతా గోల. సార్ ఏం కంగారు పడలేదు, నవ్వి, దశాంశం తర్వాత రెండంకెల దగ్గర కట్ చేసి సవరిస్తే ఎంత తేడా వస్తాదో బోర్డు మీద చేసి చూపించి, సెట్టింగ్స్‌లో అంకెలు పెంచి మళ్ళీ కూడించినాడు, ఈసారి తేడా ఇంకా చిన్నదైపోయింది. ఆ రెండో పాఠం ఏ మాడ్యూల్‌లోనూ ఉండదు, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి మాత్రమే ఆ క్షణంలో తడుతుంది. మనం నేర్పాల్సింది మూల పట్టుకుని లాగడం ఒక్కటే, మిగతాది ఆయన దగ్గర ముందే ఉంది.

నెట్ లేదంటారా, దానికి దారులున్నాయి. జియోజెబ్రా ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు), అదే కొలరాడో యూనివర్సిటీ వాళ్ళవి, ఒక్కొక్కటి దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, సర్క్యూట్లు, భిన్నాలు అన్నీ ఉన్నాయి. నెట్ లేకుండా చదువుకునే యాప్ కివిక్స్‌లో తెలుగు వికీపీడియా మొత్తం పట్టేస్తుంది. ప్రభుత్వం వాళ్ళ దీక్షా యాప్‌లో ఉండే పాఠాల వీడియోలు సిగ్నల్ ఉన్నచోట దించుకుని బడికి పట్టుకుపోవచ్చు. ఇంట్లో వైఫై ఉన్న ఒక్క టీచర్ కాంప్లెక్స్ అంతటికీ చాలు.

ఇంకోటి, మా వాళ్ళు నిజంగా ఎగబడి వచ్చేది దేనికో తెలుసా, తెలుగు టైపింగ్‌కి! క్వశ్చన్ పేపర్ కోసం. డీటీపీ షాపులో అనూ ఫాంట్లో కొట్టించిన పేపర్ బడి కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు, ఒక్క మార్కు మార్చాలన్నా మళ్ళీ షాపుకే పరుగు. ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరాలు చెదరని యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (మన భాషలకి పెట్టిన కీల అమరిక) మీద ఎడం చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి ఎక్కువగా హల్లులు అని చూపిస్తే వారంలో చేయి తిరిగిపోతుంది, అంత ఓపిక లేదంటే ఫోన్లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి మాట్లాడటమే. చిన్న క్లాసులు చెప్పే మా ఎస్జీటీ మేడమ్ ఒకామె మైకులో పొడుపు కథలు చెప్పేసి రెండో తరగతికి వర్క్‌షీట్లు తయారుచేస్తా ఉంది, తప్పులు దిద్దేది మాత్రం పెన్నుతోనే.

కాబట్టి కార్వేటినగరంలో టీచర్లకి శిక్షణ ఇచ్చే డైట్‌లోనో, తిరుపతిలో పెద్ద హాల్లోనో అందర్నీ పోగేసే దానికంటే, నలుగురు నలుగురు చొప్పున వాళ్ళ బడిలోనే, వాళ్ళకున్న ఆ ముసలి కంప్యూటర్ మీదే కూర్చోబెట్టండి. ఏసీ హాల్లో కొత్త ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్నది బడికొచ్చి పాత విండోస్ చూడంగానే మాయమైపోతుంది. హెచ్ఎంని కూడా అదే బెంచీలో కూర్చోబెట్టాల, తాళం చెవి ఆయన దగ్గరే కదా.

వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, కనీసం 16 జీబీది. ఎవరికి ఏ పాఠం కావాలో గ్రూపులో ముందే పెడితే అవే ఎక్కించుకుని వస్తా. భోజనం సంగతి నన్ను అడగద్దు.