మా పాట వేరేవాళ్ల పేజీలోకి వెళ్లింది

మా మొదటి పాట విడుదలైన రోజు పొద్దున్నే ఫోన్ తీసి స్పాటిఫైలో మా బ్యాండ్ పేరు కొట్టాను. పాట ఉంది. పైన ఫోటో మాత్రం మాది కాదు. గడ్డాలు పెంచిన నలుగురు హెవీ మెటల్ వాళ్లు నావైపు గుర్రుగా చూస్తున్నారు. వాళ్ల ఆల్బమ్‌ల వరసలో, ఒక పుర్రె బొమ్మ పక్కన, మా బేసిస్ట్ (బేస్ గిటార్ వాయించేవాడు) మా పాట కవర్‌కి గీసిన గొడుగు బొమ్మ.

పేరు పెట్టుకునే ముందు ఒక్కసారి వెతికి చూద్దామని మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు. పైగా పాట పంపే ఫారంలో 'ఈ పేరుతో ఇప్పటికే పేజీ ఉంది, మీదేనా?' అని అడిగారు కూడా. రాత్రి రెండింటికి నిద్రమత్తులో అవునని నొక్కింది నేనే. ఆ సంగతి మా డ్రమ్మర్‌కి చాలా రోజులు చెప్పలేదు.

ఆ పాట కోసం ఏడు నెలలు పడ్డాం. రిహార్సల్ గదిలో మేమే రికార్డ్ చేసుకున్నాం. బేస్‌కి గొడవ లేదు, డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె నుంచి, మైక్ లేకుండానే, కంప్యూటర్‌కి సౌండ్ చేర్చే ఇంటర్‌ఫేస్‌లోకి నేరుగా ఇచ్చేశాం. గిటార్ ఆంప్ ముందు ఎస్ఎం57 మైక్ పెట్టాం. స్పీకర్ నడిమధ్యకి గురిపెడితే సౌండ్ చెవిలో గుచ్చుకుంటుంది, రెండు వేళ్లు పక్కకి జరిపితే మెత్తబడుతుంది. ఆ రెండు వేళ్ల తేడా తెలియడానికి ఒక శనివారం మొత్తం పోయింది. డ్రమ్స్ పైన పెట్టే రెండు మైకులూ స్నేర్‌కి, అంటే టప్‌మని గట్టిగా మోగే డ్రమ్‌కి, సమాన దూరంలో లేకపోతే దాని దెబ్బ పలచబడిపోతుంది. టేపు దొరక్క నా షూ లేసు విప్పి కొలిచాం. ఇంత చేసి, గొంతు దగ్గరికొచ్చేసరికి అలసిపోయాం. మైక్‌కి మరీ దగ్గరగా నిలబడి రెండో చరణంలో ఒక మాట మింగేశాను. ఎవరూ పట్టించుకోరులే అని వదిలేశాం.

మొదటి రోజు లెక్క చూస్తే మాత్రం మతి పోయింది. వందల్లో విన్నారు! మెటల్ అభిమానులకి 'కొత్త పాట' అని కబురు వెళ్లింది మరి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటేనే లెక్కలోకి వస్తుంది, అంటే పాపం అంతసేపూ ఓపికపట్టి మెటల్ ఎప్పుడొస్తుందా అని చూసుంటారు.

రెండు పేజీల లింకులూ పెట్టి డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే మా పాటని యాప్‌లకి పంపే కంపెనీకి, మెయిల్ రాస్తే రెండు వారాలకి పాట వాళ్ల పేజీ నుంచి బయటికొచ్చింది. అప్పటికే పేరు మార్చాలని తేల్చుకున్నాం, అదీ ఒక వారం కొట్టుకున్నాక. మీకూ ఈ అవస్థ వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అని, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 12 ఉండే కోడ్ ఉంటుంది. కొత్త పేరుతో మళ్లీ పెట్టినా పాత కోడే ఇవ్వండి. పాట అదే అని గుర్తుపట్టేది దానితోనే.

కొత్త పేజీలో వినేవాళ్లు ఇరవై మంది, అందులో మేం నలుగురం. అప్పుడు మా బేసిస్ట్ ఆర్కిటిక్ మంకీస్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ సంగతి ఎత్తాడు. వాళ్లు మొదట్లో గిగ్‌లలో (స్టేజీ ప్రోగ్రాముల్లో) డెమో సీడీలు ఊరికే పంచారు. విన్నవాళ్లు వాటిని ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. 2006లో మొదటి ఆల్బమ్ వచ్చేసరికి బ్రిటన్‌లో ఒక్క వారంలో 3,60,000 పైగా కాపీలు పోయాయి. మా కాలంలో సీడీ ఇస్తే టీ కప్పు కింద పెట్టుకుంటారు కాబట్టి మేం క్యూఆర్ కోడ్ కార్డులు కొట్టించాం. పెద్ద బ్యాండ్లకి ముందు దొరికే 25 నిమిషాల్లో ఐదు పాటలు వాయించడం, దిగగానే కేబుళ్లు చుట్టకుండా జనంలోకి వెళ్లి కార్డు చేతికివ్వడం. కేబుళ్ల గురించి సౌండ్ ఇంజనీర్ దగ్గర తిట్లు తిన్నాం, అది న్యాయమే.

ఆరో గిగ్‌లో ముందు వరసలో ఒకమ్మాయి పాటంతా మాతో పాడింది. రెండో చరణంలో నేను మింగేసిన మాట దగ్గర ఆమె గట్టిగా ఇంకేదో అంది. రికార్డింగ్‌లో ఆమెకి అలా వినిపించిందన్నమాట. నేను రాసినదానికంటే బాగుంది. ఇప్పుడు స్టేజీ మీద నేనూ అదే పాడుతున్నాను.