పాత గొట్టంలో కొత్త కేబుల్

కువైట్‌లో ఇళ్లకు డిష్ టీవీ కేబుళ్లు వేసే మాకు రంజాన్‌కు ముందు నెలంతా ఊపిరి సలపదు. పండుగ నెలలో కొత్త అరబ్బీ సీరియళ్లు మొదలవుతాయి. అవి మొదలయ్యేలోగా పై అంతస్తులో ఒక టీవీ, మగవాళ్లు కూర్చునే దివానియాలో మరొకటి కావాలని కబురు వస్తుంది. ఒక్కో రిసీవర్‌కు డిష్ నుంచి విడిగా కేబుల్ దించాలి. గోడల్లోని ప్లాస్టిక్ గొట్టాలు మాత్రం ఇల్లు కట్టిన రోజున ఒక్క టీవీకి లెక్కవేసి పెట్టినవే.

ఈ పనిలో నాకొక పట్టుదల ఉంది. గోడలో గొట్టం ఉండగా కేబుల్ గోడ మీదికి రాకూడదు. క్లిప్పులు కొట్టి బయటినుంచి దించేస్తే గంటలో పని ముగుస్తుంది, డబ్బూ చేతికొస్తుంది. కానీ వేసవిలో 50 డిగ్రీలు తాకే ఈ ఎండకు లోపల వాడే తెల్ల కేబుల్ తొడుగు పెళుసెక్కి పగులుతుంది. ఆ పగుల్లోంచి తేమ దిగితే లోపలి తీగల అల్లిక పాడవుతుంది. నష్టపోయేది ఇంటివాళ్లు.

20 మిల్లీమీటర్ల గొట్టానికి లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లకు మించదు. డిష్ నుంచి టీవీకి దించే ఆర్‌జి-6 రకం కేబుల్ మందం దాదాపు 7. రెండు కేబుళ్లు పడతాయి, మూడోది మొదటి వంపులోనే బిగుసుకుంటుంది. అందుకని పాత కేబుల్‌ను బయటికి తీయక తప్పదు. అయితే దాన్ని ఊరికే లాగి పారేయకూడదు, గొట్టంలో దారి తెలిసినది అదొక్కటే. దాని కొనకు కొత్త కేబుళ్లనూ ఒక నైలాన్ తాడునూ కట్టి, అది బయటికి వచ్చేటప్పుడు ఇవి లోపలికి వెళ్లేలా చూస్తాం.

ఆ ముడిలోనే పనితనమంతా ఉంది. కొత్త కేబుళ్ల కొనలు రెండూ ఒకే చోట ఉంటే అక్కడ లావై వంపులో తడుతుంది. ఒకటి ముందు, ఒకటి నాలుగు వేళ్లు వెనక ఉండాలి. తొడుగు ఒలిచి, నడిమి తీగను మాత్రం కొక్కెంలా వంచి పాత కేబుల్‌కు తగిలించి, సన్నని వైపు నుంచి లావు వైపుకు టేపు బిగించి చుట్టాలి. పైన టాల్కం పౌడర్ పూయాలి. కొందరు సబ్బునీళ్లు పోస్తారు. నాకు అది ఇష్టం లేదు. ఆరాక సబ్బు గట్టిపడి, తర్వాత కేబుల్ మార్చేవాడికి కదలనివ్వదు.

మేడ మీద నేను తోస్తుంటే కింద ఈజిప్టు సహచరుడు లాగుతాడు. "ష్వయ్యా, ష్వయ్యా" అని అరుస్తుంటాను, మెల్లగా అని. బలం పెట్టి లాగితే కేబుల్ సాగి, నడిమి తీగ చుట్టూ ఉండే తెల్ల నురగ పొర నలుగుతుంది. కేబుల్ చూడటానికి బాగానే ఉంటుంది, తెరమీద బొమ్మ గడులుగడులుగా విరుగుతుంది. డిష్ నుంచి వచ్చే సంకేతాలు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యవి, అంత చిన్న నొక్కును కూడా ఓర్చుకోవు.

సాల్మియాలో ఒక ఇంట్లో కేబుల్ సగం దూరం వచ్చి మొరాయించింది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. గోడ పగలగొట్టడం తప్పదని ఇంటి యజమానికి చెప్పబోతుంటే, వంటింట్లోంచి మన కడప యాస వినిపించింది. రాయచోటి వైపు ఆమె, చాలా ఏళ్లుగా ఆ ఇంట్లోనే పనిచేస్తోంది.

"అన్నా, ఆ గోడకు పోయినేడు పెద్ద అల్మారా బిగించారు. అక్కడ చూశావా?"

అల్మారాలో బట్టలు తప్పించి చూస్తే పొడవాటి స్క్రూ ఒకటి నేరుగా గొట్టంలోకి దిగి ఉంది. దాన్ని తీసి పక్కకు జరిపి బిగించాం. కేబుల్ జారి వచ్చింది. ఇంటి గోడల సంగతి యజమానికన్నా ఆమెకే బాగా తెలుసు. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు పనివాళ్లనే అడుగుతున్నాను.

వెళ్లేటప్పుడు ఆమె అడిగింది: "ఇందులో మన ఛానళ్లు రావా అన్నా?"

"రావక్కా. ఈ డిష్‌లు నైరుతికి, పడమటికి తిరిగి ఉంటాయి. అరబ్‌శాట్, నైల్‌శాట్ అటువైపే. మన ఉపగ్రహాలు ఆగ్నేయాన ఉంటాయి, వాటికి వేరే డిష్ కావాలి."

ఇంకో డిష్ పెట్టమని ఆమె ఎవరిని అడగగలదు? "ఫోనులో చూసుకుంటున్నానులే" అంది.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని నిషేధం. కాబట్టి మేడ మీది పని తెల్లవారుజామున ముగించి, మధ్యాహ్నం గదుల్లో కనెక్టర్లు బిగిస్తాం. సగం ఛానళ్లు వచ్చి సగం రాకపోతే నేను ముందు కేబుల్‌నే అనుమానిస్తాను. డిష్ ముందు సంకేతాలను అందుకునే పరికరం ఎల్‌ఎన్‌బి. దానికి రిసీవర్ ఛానల్‌ను బట్టి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. చవక కేబుల్‌లో నడిమి తీగ రాగి పూత పూసిన ఇనుము. దూరం ఎక్కువైతే 18 కాస్తా దారిలోనే తగ్గి, దానిమీద ఆధారపడ్డ ఛానళ్లన్నీ మాయమవుతాయి.

ఇక్కడి జీతంతో ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేది ఇదే: టీవీకి 25 మిల్లీమీటర్ల గొట్టం వేయించండి, కరెంటు వైర్లతో కలపనివ్వకండి, మలుపు దగ్గర తొంభై డిగ్రీల ఎల్బో ముక్క వద్దు, వెడల్పాటి వంపు పెట్టించండి. ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గొట్టంలో నైలాన్ తాడు దూర్చి రెండు కొనలూ బాక్సుల్లో ముడివేయించండి, గొట్టం వెళ్లిన దారిని ఫొటో తీసి పెట్టుకోండి.