జనాభా చాప్టర్ నాకు ఎలా తలకెక్కిందంటే

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష కోసం రెండున్నరేళ్లు చదివాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో చోటు పట్టుకోవడం, మధ్యాహ్నం మెస్, రాత్రి స్టడీ హాల్. ఇవన్నీ మీకు తెలిసినవే. పేపర్-3 ఎకానమీలో జనాభా చాప్టర్ గురించి మాత్రం రాయాలనిపించింది. చాలామంది దాన్ని బట్టీ పట్టి వదిలేస్తున్నారు. నేనూ మొదట్లో అంతే.

ప్రపంచ జనాభా 1804 ప్రాంతంలో 100 కోట్లు, 1927లో 200, 1960లో 300, 1974లో 400, 1987లో 500, 1999లో 600, 2011లో 700, 2022 నవంబర్ 15న 800 కోట్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. కానీ ఒక మాక్ టెస్టులో 'వృద్ధి రేటు తగ్గుతున్నా జనాభా పెరగవచ్చు' అన్న స్టేట్‌మెంట్‌ను తప్పని పెట్టాను. రేటు తగ్గితే జనం తగ్గాలి కదా అనుకున్నాను.

ఆ రాత్రి జనగణన పట్టిక ముందేసుకుని పెన్సిల్‌తో తీసివేతలు చేశాను. 1961లో మన దేశ జనాభా 43.9 కోట్లు, 1971లో 54.8 కోట్లు. వృద్ధి 24.8 శాతం, పెరిగింది దాదాపు 11 కోట్ల మంది. 2001లో 102.9 కోట్లు, 2011లో 121 కోట్లు. వృద్ధి 17.7 శాతమే, పెరిగింది మాత్రం 18 కోట్ల మంది! శాతం చిన్నదైంది, కానీ ఆ శాతం కట్టే మొత్తం రెండింతలు దాటిపోయింది. పుస్తకంలో పది సార్లు చదివినా ఎక్కనిది ఆ రెండు తీసివేతలతో ఎక్కింది. దయచేసి మీరూ ఒకసారి చేత్తో వేసి చూడండి.

దసరాకు ఊరెళ్లినప్పుడు నాయనమ్మను అడిగాను, ఎంతమందిని కన్నావని. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. "ఎనిమిది మందిని కన్న బిడ్డా. ఐదుగురు దక్కిన్రు." పోయిన వాళ్లను కూడా వరసలో చెప్పింది. అందులో ఒకడు పేరు పెట్టకముందే పోయాడట. ఆ వేలు దగ్గర కాసేపు ఆగింది. మా బాపుకు మేం ముగ్గురం. మా అక్కకు ఒక్కతే పాప.

జనాభా పరిణామ సిద్ధాంతం నాకు అక్కడే అర్థమైంది. జనాభా శాస్త్రవేత్తలు థాంప్సన్ 1929లో, నోట్‌స్టీన్ 1945లో చెప్పింది ఇదే. టీకాలు, మంచి నీళ్లు, మందులు వచ్చి ముందు మరణాలు తగ్గుతాయి. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కుదిరాక, ఆడపిల్లలు బడికి వెళ్లాక, జననాలు తగ్గుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే జనాభా విస్ఫోటనం జరుగుతుంది. ప్రపంచ వృద్ధి రేటు 1960లలో 2 శాతం దాటి, ఇప్పుడు 1 శాతం లోపుకు దిగింది. అప్పట్లో స్త్రీకి సగటున ఐదుగురు పిల్లలు, ఇప్పుడు రెండున్నర కన్నా తక్కువ. తిండి కన్నా జనం వేగంగా పెరుగుతారన్న మాల్థస్ మీద ఎక్కువ టైమ్ పెట్టకండి, 1798 అన్న సంవత్సరం, వాదన సారాంశం చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య, దేశంలో 2.0, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3.0. భర్తీ స్థాయి, అంటే ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం సరిగ్గా నింపే రేటు, 2.1. మరి దాని కిందికి వచ్చాక కూడా జనాభా ఎందుకు పెరుగుతోంది? రేటు ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు కాబట్టి. తల్లుల సంఖ్యే ఎక్కువ. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాలో ప్రపంచ జనాభా 2080ల మధ్యలో దాదాపు 1,030 కోట్లకు చేరి, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. దక్షిణ కొరియాలో 2023లో ఈ రేటు 0.72కు పడిపోయింది. అంటే ఒక తరం తర్వాత ముసలివాళ్లను చూసుకునే చేతులు సరిపోవు. గ్రూప్-1 కూడా రాసేవాళ్లు ఎస్సేలో డెమోగ్రాఫిక్ డివిడెండ్ (పనిచేసే వయసు వాళ్లు ఎక్కువగా ఉండటం వల్ల దేశానికి కలిగే లాభం) దగ్గరే ఆగిపోకండి, ఈ వృద్ధాప్యం సంగతీ రాయండి. మా ఊళ్లో మా వీధిలోనే నాలుగిళ్లలో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటున్నారు.

నా నోట్స్‌లో ఈ చాప్టర్ మొత్తం ఒకే పేజీలో ఉంటుంది. 1901 నుంచి ఒక్కో దశాబ్దానికి ఒక వరస, పక్కన శాతం, దాని పక్కన పెరిగిన మనుషుల సంఖ్య. 1921కి ఎర్ర ఇంకు, జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. 2011 కింద వరస ఖాళీగా ఉంచాను. 2027 జనగణన లెక్కలు వచ్చాక నింపాలి.